తొలి కలయిక కథలు: అవతలివాళ్లకూ మనకూ ఉమ్మడిగా ఏముంది?

భూమికి వేల కాంతి సంవత్సరాల దూరంలో, క్రాబ్ నెబ్యులా దగ్గర రెండు అంతరిక్ష నౌకలు ఎదురుపడతాయి. ఒకదాంట్లో మనుషులున్నారు, రెండోదాంట్లో మనుషులు కానివాళ్లు. ఒకరి మీద ఒకరికి పగేమీ లేదు. అయినా ఏ నౌకా ఇంటికి తిరిగి వెళ్లలేదు. ముందు కదిలినవాళ్ల వెనకే రెండోవాళ్లు చాటుగా వెళ్లి, వాళ్ల సొంత గ్రహం ఎక్కడుందో కనిపెట్టేయవచ్చు. పోనీ ఎదుటి నౌకను పేల్చేసి వెళ్దామా అంటే, ఆ ఆలోచన వాళ్లకూ వచ్చే ఉంటుంది. అమెరికన్ రచయిత మర్రీ లెన్‌స్టర్ 1945లో రాసిన ‘ఫస్ట్ కాంటాక్ట్’ కథంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది. ఈ తరహా సైన్స్ ఫిక్షన్‌కు ఆ పేరే స్థిరపడిపోయింది.

లెన్‌స్టర్ చెప్పిన పరిష్కారం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. రెండు పక్షాలూ తమ నౌకల్లోంచి నక్షత్ర పటాలను, సొంత గ్రహం ఆచూకీ చెప్పే సమాచారాన్ని తీసేస్తాయి. వెంబడించడానికి పనికొచ్చే పరికరాలను పాడుచేస్తాయి. ఆ తర్వాత నౌకలు మార్చుకుంటాయి. ఎదుటివాళ్ల టెక్నాలజీ ఇద్దరికీ చేతికొస్తుంది, ఎదుటివాళ్ల అడ్రసు మాత్రం ఎవరికీ దొరకదు. ఇదే ఉపాయం అవతలివాళ్లకూ తట్టిందని కూడా తెలుస్తుంది. చివర్లో, ఏలియన్లతో మాటలు నడిపిన కుర్ర అధికారి తన అవతలి నేస్తంతో రెండు గంటలు బూతు జోకులు చెప్పుకుంటూ కూర్చున్నానని కెప్టెన్‌కు చెబుతాడు. నవ్వించడానికి పెట్టిన ముక్కలా కనిపిస్తుంది కానీ, కథకు పునాది అదే. ఆ జీవుల కళ్లు వేరు, మాట్లాడే పద్ధతి వేరు. వాళ్ల భయం, వాళ్ల బేరం, ఆఖరికి వాళ్ల హాస్యం అన్నీ మనవే.

మనిషికీ మనిషి కాని తెలివైన జీవికీ మధ్య మొదటి పరిచయం మీద వచ్చిన ప్రతి కథలోనూ ఇలాంటి నమ్మకం ఒకటి దాక్కుని ఉంటుంది. ఆ జీవికి ఎన్ని కాళ్లు, చర్మం ఏ రంగు అన్నవి అలంకారాలు. వాళ్లకూ మనకూ ఉమ్మడిగా ఏముందని రచయిత నమ్మాడో, కథ ఎటు నడుస్తుందో అక్కడే తేలిపోతుంది. కథ బలం కూడా చాలావరకు అక్కడే ఉంటుంది. ఆ ఉమ్మడి ఆధారాన్ని కొందరు రచయితలు పాత్రల చేతిలో ఉచితంగా పెట్టేస్తారు. మరికొందరు దాన్ని వెతుక్కోవడానికి పాత్రలను ముప్పుతిప్పలు పెడతారు.

అందరికీ తెలిసిన ఉదాహరణ హెచ్.జి. వెల్స్ 1898 నవల ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’. నిజానికి అందులో పరిచయమంటూ ఏదీ జరగదు. తెల్లజెండా పట్టుకుని దగ్గరికి వెళ్లిన బృందాన్ని అంగారక జీవులు కాల్చి బూడిద చేస్తారు, అంతటితో సంభాషణ సరి. కానీ మొదటి అధ్యాయంలోనే వెల్స్ టాస్మేనియా ఆదివాసుల ఊసెత్తుతాడు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు యాభై ఏళ్లలో వాళ్లను తుడిచిపెట్టారు, అదే పని అంగారక జీవులు మనకు చేస్తే తప్పుపట్టేంత దయామూర్తులమా మనం అని నిలదీస్తాడు. (ఆ ఆదివాసులు పూర్తిగా అంతరించారని ఆయన అనుకున్నాడు కానీ వాళ్ల వారసులు నేటికీ ఉన్నారు.) వెల్స్‌కు రెండు జాతుల మధ్య ఉమ్మడిగా కనిపించింది ఆక్రమణ. తర్వాత వచ్చిన దండయాత్ర సినిమాలు ఆయన మూడుకాళ్ల యంత్రాలను తెచ్చుకున్నంత ఉత్సాహంగా ఆ ప్రశ్నను తెచ్చుకోలేదు.

లెన్‌స్టర్ కథకు గట్టి జవాబు సోవియట్ రష్యా నుంచి వచ్చింది. ఇవాన్ యెఫ్రెమోవ్ 1950ల చివర్లో రాసిన ‘కోర్ సెర్పెంటిస్’ అనే పెద్ద కథలో, నౌకా సిబ్బంది కూర్చుని లెన్‌స్టర్ కథ గురించే చర్చించుకుంటారు. అందులోని అనుమానం, భయం ఆ రచయిత బతికిన సమాజానివే తప్ప విశ్వానివి కావని తేలుస్తారు. నక్షత్రాల మధ్య తిరగగలిగేంత ఎదిగిన సమాజం తనలో తాను కొట్టుకోవడం ఎప్పుడో మానేసి ఉంటుందన్నది యెఫ్రెమోవ్ వాదన. లేకపోతే ఆ స్థాయికి రాకముందే నాశనమై ఉండేదంటాడు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ మాటకున్న రాజకీయం దాచినా దాగదు. కథగా మాత్రం అందులో ఒక గొప్ప మలుపుంది. కలిసిన జీవులు మంచివాళ్లు, అందమైనవాళ్లు కూడా. కానీ వాళ్లు పీల్చేది ఫ్లోరిన్. మన గాలి వాళ్లకు విషం, వాళ్ల గాలి మనకు విషం. పారదర్శకమైన గోడకు అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకోవాల్సిందే. మనసులు కలిశాక కూడా చేతులు కలవని ఈ పరిస్థితి, లెన్‌స్టర్ నౌకల మార్పిడి కన్నా ఎక్కువ కాలం గుర్తుండిపోతుంది.

ఈ వాదులాట అర్ధ శతాబ్దం తర్వాత మళ్లీ లేచింది. చైనా రచయిత లియు సిషిన్ 2008 నవల ‘ద డార్క్ ఫారెస్ట్’ రెండే సూత్రాలతో మొదలవుతుంది. ప్రతి నాగరికతకూ మొదటి అవసరం బతికి ఉండటం. నాగరికతలు పెరుగుతూనే ఉంటాయి, విశ్వంలో ఉన్న పదార్థం మాత్రం పెరగదు. దీనికి రెండు ఆలోచనలు తోడవుతాయి. ఎదుటివాళ్లు మంచివాళ్లో కాదో నాకు తెలియదు, నేను వాళ్ల గురించి ఏమనుకుంటున్నానో వాళ్లకు తెలియదు, ఇలా అనుమానం మీద అనుమానం గొలుసులా సాగుతుంది. పైగా ఈరోజు బలహీనంగా ఉన్న నాగరికత కొద్ది శతాబ్దాల్లోనే టెక్నాలజీలో మనల్ని దాటిపోవచ్చు. కాబట్టి ఎవరైనా కనిపిస్తే ముందు కాల్చేయడమే క్షేమం, కనిపించకుండా దాక్కోవడం ఇంకా క్షేమం.

చూడ్డానికి ఇది లెన్‌స్టర్ భయమే. మరి అక్కడ ఒప్పందం కుదిరి, ఇక్కడ ఎందుకు కుదరదు? దూరం వల్ల. లెన్‌స్టర్ నౌకలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, ప్రశ్న వేస్తే వెంటనే జవాబొస్తుంది. లియు కథలో ట్రైసొలారిస్ అనే గ్రహం జీవుల ఇల్లు సూర్యుడికి అతి దగ్గరలో ఉన్న ఆల్ఫా సెంటారీ నక్షత్ర వ్యవస్థ. అది కూడా నాలుగు కాంతి సంవత్సరాల పైమాటే. రేడియోలో ‘మీరు స్నేహితులేనా?’ అని అడిగితే జవాబుకు ఎనిమిదేళ్లకు పైగా ఆగాలి. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నవాళ్లతో అయితే, జవాబు వచ్చేసరికి అడిగిన సమాజమే ఉండకపోవచ్చు. నమ్మకం కుదరాలంటే మాటలు అటూ ఇటూ చాలాసార్లు నడవాలి. కాంతి వేగం ఆ అవకాశాన్నే తీసేస్తుంది. ఒక కథలో దయ, మరో కథలో క్రూరత్వం కనిపించడానికి రచయితల స్వభావాలు కొంత కారణం కావచ్చు కానీ, అసలు తేడా పాత్రల మధ్య ఉన్న కిలోమీటర్లలో ఉంది. ఈ కథలు చదివేటప్పుడు ముందుగా చూడాల్సింది నౌకలో ఎన్ని ఆయుధాలున్నాయని కాదు, ఒక ప్రశ్నకు జవాబు రావడానికి ఎంత సమయం పడుతోందని.

లియు తర్కంలో లొసుగు లేకపోలేదు. బతుకు తప్ప ఇంకేదీ ఉమ్మడి కాదని ఆయన ముందే తీర్మానించాడు, మిగతాదంతా అందులోంచే వచ్చింది. అయితే దాన్ని కొట్టిపారేయడం కూడా తేలిక కాదు. అడవిలో అందరూ వేటగాళ్లే కానక్కర్లేదు, ఒక్కడున్నా చాలు. ఈ భయం కథలకే పరిమితం కాలేదు. 1974 నవంబర్ 16న ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్ నుంచి ఎం13 అనే నక్షత్ర గుచ్ఛం వైపు ఒక సందేశం పంపారు. సుమారు 25,000 కాంతి సంవత్సరాల దూరం. అక్కడ ఎవరైనా ఉండి వెంటనే జవాబిచ్చినా, అది చేరేసరికి 50,000 ఏళ్లవుతుంది. అయినా ప్రముఖ బ్రిటిష్ ఖగోళవేత్త మార్టిన్ రైల్ దానికి అభ్యంతరం చెప్పాడు, ఎవరున్నారో తెలియకుండా మన ఉనికి చాటడం ప్రమాదమన్నాడు. ఏదైనా సంకేతం దొరికితే, అంతర్జాతీయ సంప్రదింపులు జరగకుండా జవాబు పంపకూడదన్న నియమాన్ని 1989లో అంతర్జాతీయ ఆస్ట్రోనాటిక్స్ అకాడమీ ఆమోదించింది. చట్టపరంగా అది ఎవరినీ కట్టిపడేయదు.

ఆ అరెసిబో సందేశమే మనల్ని ఇంకో చిక్కులోకి తీసుకెళ్తుంది. అందులో 1,679 బిట్లున్నాయి. 23ను 73తో గుణిస్తే వచ్చే సంఖ్య అది. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి, అందుకున్నవాళ్లు ఆ బిట్లను 23 నిలువు, 73 అడ్డు వరుసలుగా పేర్చి బొమ్మ చూస్తారని ఆశ. అంటే గణితం ఉమ్మడి, బొమ్మలు చూసే కన్ను కూడా ఉమ్మడి అని నమ్మారు. మొదటిది నమ్మదగిందే. రెండోది మాత్రం చాలా పెద్ద నమ్మకం.

గణితం, సైన్స్ తాళంచెవులవుతాయన్న ఆలోచన కథల్లో ఎప్పటినుంచో ఉంది. హెచ్. బీమ్ పైపర్ 1957 కథ ‘ఆమ్నిలింగ్వల్’లో, అంగారకుడి మీద అంతరించిపోయిన నాగరికత రాతలు ఎవరికీ అర్థం కావు. రెండు భాషల్లో రాసిన శాసనం ఏదీ దొరకదు. చివరికి ఒక పాత విశ్వవిద్యాలయం గోడ మీద మూలకాల ఆవర్తన పట్టిక కనిపిస్తుంది. హైడ్రోజన్ ఎక్కడైనా హైడ్రోజనే కదా, దాంతో ముడి వీడుతుంది. చాలా తెలివైన ఊహ. కానీ మన భూమి మీదే దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. క్రీట్ ద్వీపంలో దొరికిన లీనియర్ ఎ లిపిలో అంకెలను పండితులు చదవగలుగుతున్నారు. ఆ లిపిలో రాసిన భాష మాత్రం ఇంకా తెలియలేదు. రాసినవాళ్లు మనుషులే, మనలాగే తిన్నవాళ్లు, పన్నులు కట్టినవాళ్లు. లెక్క కుదిరినంత మాత్రాన మాట కుదరదన్నమాట. హైడ్రోజన్ పేరు తెలిసిందని ‘బాధ’ అనే మాట తెలిసిపోదు.

అమెరికన్ తత్వవేత్త క్వైన్ 1960లో ఇదే విషయాన్ని ఒక కుందేలుతో చెప్పాడు. తెలియని భాష మాట్లాడే మనిషి, పరుగెత్తే కుందేలును చూపించి ‘గవగాయ్’ అన్నాడనుకోండి. ఆ మాటకు కుందేలు అని అర్థమా, కుందేలు శరీరంలో ఒక భాగమనా, కుందేలుతనం అనా? వేలెత్తి చూపినంత మాత్రాన ఎప్పటికీ తేలదంటాడు. మనుషుల మధ్య ఇది అంతగా ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే ఏది ‘ఒక వస్తువు’ అన్న విషయంలో మన శరీరాలు ముందే ఒక అంగీకారానికి వచ్చేశాయి. వేలు లేని జీవితో, చూపించడం అనే పనే తెలియని జీవితో ఏం చేయాలి?

ఈ కష్టాన్ని నిజాయితీగా భుజానికెత్తుకున్న కథ టెడ్ చియాంగ్ 1998లో రాసిన ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’. అందులో భాషావేత్త లూయిస్ బ్యాంక్స్ చేసేది అచ్చంగా క్షేత్ర పరిశోధకుల పని. తనను చూపించి ‘మనిషి’ అంటుంది, నడవడంలాంటి పనులు చేసి చూపించి వాటి పేర్లు చెబుతుంది, విన్నది రికార్డు చేసి మళ్లీ వినిపిస్తుంది. ఫిజిక్స్ దగ్గర చియాంగ్ అందరికన్నా ఒక మెట్టు పైకెక్కాడు. మనకు తేలికనిపించే సూత్రాలు ఆ కథలోని గ్రహాంతర జీవులైన హెప్టాపాడ్లకు తలకెక్కవు. మనకు కష్టమైన ఫెర్మా సూత్రం, అంటే కాంతి తక్కువ సమయం పట్టే దారినే ఎంచుకుంటుందన్న సూత్రం, వాళ్లకు ప్రాథమిక పాఠం. ఒకే విశ్వం, ఒకే నియమాలు, కానీ ఏది మొదటి పాఠం, ఏది చివరి పాఠం అన్నది తలకిందులు. మొదలూ చివరా కలిపి ఒకేసారి చూసే జీవులవి. ఆ భాష నేర్చుకున్న లూయిస్ ఆలోచన కూడా అలాగే మారిపోతుంది, అదే ఆమెకు పడిన మూల్యం. ఆ జీవులు ఎందుకొచ్చాయో, ఎందుకు వెళ్లిపోయాయో కథ చెప్పదు. 2016లో దీన్ని ‘అరైవల్’ పేరుతో సినిమా తీసినప్పుడు ఆ ఖాళీని పూడ్చేశారు. జీవులకు ఒక కారణం ఇచ్చారు, దేశాల మధ్య యుద్ధ టెన్షన్ పెట్టారు. సినిమా బాగుంది, కాకపోతే కథలో ఉన్న మొండితనం పోయింది.

యాండీ వీర్ 2021 నవల ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ మరో దారి తొక్కింది. చూపు లేని, అమోనియా గాలిలో బతికే, సంగీత స్వరాల్లాంటి శబ్దాలతో మాట్లాడే రాకీ అనే జీవి, భూమి మనిషి కలిసి ఒకే ఆపదను ఎదుర్కొంటారు. ఇద్దరి సూర్యుళ్లూ మసకబారుతున్నాయి. ఇక్కడ ఉమ్మడి ఆధారం ఇంజనీరింగ్. పని కలిసి చేస్తే మాట దానంతటదే వస్తుందన్న ఆలోచనలో నిజముంది. కానీ భాష నేర్చుకోవడం మరీ తొందరగా, సాఫీగా జరిగిపోతుంది, కంప్యూటర్లో పదాల పట్టిక తయారుచేసుకుంటే చాలన్నట్టు. స్నేహం అంత హాయిగా అనిపించడానికి కారణం రాకీలో పరాయితనం శరీరం దగ్గరే ఆగిపోవడం. మనసు విషయానికొస్తే అతను ఒక మంచి సహోద్యోగి.

ఉమ్మడిగా ఏమీ లేకపోతే? ఈ ప్రశ్నను చివరిదాకా తీసుకెళ్లినవాడు పోలండ్ రచయిత స్తానిస్వాఫ్ లెమ్. 1961 నవల ‘సొలారిస్’లో గ్రహమంతా పరుచుకున్న ఒక సముద్రం ఉంటుంది, అదే జీవి. మనుషులు దాని మీద తరాల పాటు పరిశోధన చేస్తారు. ఆకారాలకు పేర్లు పెడతారు, సిద్ధాంతాలు కడతారు, ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు కూలుస్తారు, గ్రంథాలయాలు నిండిపోతాయి. అర్థమైంది మాత్రం శూన్యం. ఆ పరిశోధన చరిత్రను లెమ్ పేజీలకు పేజీలు రాస్తాడు. తొందరపడే పాఠకులు వాటిని దాటేస్తారు కానీ నవలకు ప్రాణం ఆ పేజీల్లోనే ఉంది. ఆ తర్వాత సముద్రం పరిశోధకుల దగ్గరికి వాళ్ల జ్ఞాపకాల్లోని మనుషులను పంపుతుంది. కథానాయకుడి దగ్గరికి, ఎప్పుడో ఆత్మహత్య చేసుకున్న అతని భార్య వస్తుంది. అది కానుకా, శిక్షా, ప్రయోగమా, లేక అసలు ఏ ఉద్దేశమూ లేని చర్యా? చెప్పడానికి దారి లేదు. 1968లో వచ్చిన ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’లో లెమ్ సముద్రాన్ని కూడా తీసేసి, ఒక న్యూట్రినో సంకేతాన్ని మాత్రమే మిగిల్చాడు. అమెరికాలోని పెద్ద పెద్ద మేధావులందరూ దాని మీద పడతారు. ఒక ముక్కలోంచి ఏదో జిగట పదార్థం తయారుచేయగలుగుతారు. అది సందేశంలోని అసలు విషయమో, కవరు మీది అంటుబిళ్లో కూడా తేలదు.

లెమ్ పద్ధతిలోనూ ఒక ఇబ్బంది ఉంది. అవతలివైపు పూర్తిగా మూసుకుపోతే కథంతా ఇవతలివైపే జరుగుతుంది. ‘సొలారిస్’ ఒక రకంగా మనుషుల అపరాధ భావం మీద రాసిన నవల. ఆ సంగతి లెమ్‌కు తెలియక కాదు, విశ్వంలో మనుషులు వెతికేది తమ ప్రతిబింబం కోసమేనని ఒక పాత్ర చేత పైకే అనిపించాడు.

పీటర్ వాట్స్ 2006 నవల ‘బ్లైండ్‌సైట్’లో దీనికి ఒక కొత్త మెలిక ఉంది. అక్కడ అవతలివైపు చక్కగా మాట్లాడుతుంది. ఇంగ్లీషులోనే పలకరిస్తుంది, హెచ్చరిస్తుంది, ప్రశ్నలకు జవాబిస్తుంది. నౌకలోని భాషావేత్త సంభాషణ సాగించి, చివరికి వణుకు పుట్టించే విషయం తేలుస్తుంది. మాట్లాడుతున్నదానికి తను ఏం మాట్లాడుతోందో అర్థం కావడం లేదు. మనుషుల ప్రసారాలు విని, ఏ మాటకు ఏ మాట తగులుతుందో పట్టుకుంది, అంతే. తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో చెప్పిన ‘చైనీస్ గది’ ఊహ ఇదే. చైనీస్ రాని మనిషి గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి సరైన చైనీస్ జవాబులు బయటికి పంపిస్తుంటాడు. భాష కుదిరితే మనసు కుదిరినట్టేనని మిగతా రచయితలంతా అనుకున్నారు. వాట్స్ ఆ ముడిని తెంపేశాడు. తెలివి ఉంది, స్పృహ లేదు. మాట్లాడే యంత్రాలు రోజువారీ వ్యవహారమైపోయాక ఈ నవలను మళ్లీ చదివితే, వచ్చినప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇంతవరకూ చూసినవి ఎక్కువగా ఇద్దరు సమానుల కథలు, లేదా అర్థంకాని వాళ్ల కథలు. అర్థం చేసుకున్నాక కూడా జరిగే హాని గురించి రాసినవాళ్లు తక్కువ. మేరీ డోరియా రస్సెల్ 1996 నవల ‘ద స్పారో’లో భూమి నుంచి వెళ్లిన చిన్న బృందం రఖాత్ గ్రహం మీద కూరగాయల తోట వేసుకుంటుంది, చుట్టుపక్కల రూనా ప్రజలకూ నేర్పుతుంది. ఇంతకన్నా అమాయకమైన పని ఏముంటుంది? కానీ ఆ రూనాల జనాభాను అదుపులో ఉంచుతూ, వాళ్లనే ఆహారంగా వాడుకునే మరో జాతి అక్కడ పాలిస్తోంది. తిండి పెరిగి పిల్లలు పెరగడంతో ఊచకోత జరుగుతుంది. భాష బాగా వచ్చినవాళ్లే, మంచి మనసున్నవాళ్లే చేసిన పని అది. ఆక్టేవియా బట్లర్ 1987 నవల ‘డాన్’లో సీను తిరగబడుతుంది. అణుయుద్ధంలో నాశనమైన మనుషులను ఓవన్‌కాలి అనే జీవులు కాపాడి, బదులుగా జన్యువుల కలయిక కోరతారు. ప్రాణం పోసినవాడు పెట్టిన షరతుకు ఒప్పుకోవడాన్ని ఒప్పుకోలు అనొచ్చా అని ఆ నవల విసుగు లేకుండా అడుగుతూనే ఉంటుంది. మిత్రులా, శత్రువులా అన్న పాత ప్రశ్న ఇక్కడ పనికిరాదు. ఓవన్‌కాలి నిజంగానే మేలు చేస్తారు, నిజంగానే బలవంతం చేస్తారు.

అసలు మనల్ని పట్టించుకోని అతిథుల కథలు కూడా ఉన్నాయి. స్ట్రుగాట్‌స్కీ సోదరుల ‘రోడ్‌సైడ్ పిక్నిక్’లో (1972) ఎవరో వచ్చి, కొన్నిచోట్ల ఆగి, వెళ్లిపోయారు. పిక్నిక్‌కు వచ్చినవాళ్లు వదిలేసిన చెత్త చుట్టూ పురుగులు చేరినట్టు, మనుషులు ఆ చోట్ల పడి దొరికిన వస్తువులు ఏరుకుంటారు. కొన్ని పనికొస్తాయి, కొన్ని ప్రాణం తీస్తాయి. వచ్చినవాళ్లు మనల్ని చూశారో లేదో కూడా తెలియదు. అమెరికన్ రచయిత టెర్రీ బిస్సన్ 1991లో ఇదే సంగతిని కొద్ది పేజీల్లో, కేవలం సంభాషణగా, హాస్యంగా రాశాడు. ఇద్దరు గ్రహాంతర అధికారులు భూమి గురించి మాట్లాడుకుంటుంటారు. అక్కడి జీవులు పూర్తిగా మాంసంతో తయారయ్యాయని ఒకరు చెబితే రెండోవారు నమ్మరు. మాంసం ఆలోచించడమేంటి, మాంసం రేడియో సంకేతాలు పంపడమేంటి? విశ్వంలో ఎదురైన ప్రతి తెలివైన జాతినీ పలకరించాలని వాళ్ల నిబంధనలు చెబుతున్నాయి. ఇద్దరూ కాసేపు ఆలోచించి, రికార్డులు చెరిపేసి, ఆ ప్రాంతంలో ఎవరూ లేరని రాసేసుకుంటారు.